బ్లాక్‌జాక్ కౌంటింగ్‌లో పందెం ఎంత కాయాలి: బ్యాంక్‌రోల్ లెక్క మొదలు టేబుల్ దాకా

బ్లాక్‌జాక్‌లో కౌంటింగ్ (బయటపడిన ముక్కల్ని బట్టి మిగిలినవి ఎవరికి అనుకూలమో లెక్కగట్టడం) వచ్చేసిన వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "కౌంట్ బాగుందని తెలిసింది, ఇప్పుడు ఎంత పెట్టాలి?" టేబుల్ దగ్గర కూర్చున్నాక దీనికి జవాబు వెతికితే ఆలస్యమైనట్టే. జవాబు ముందే కాగితం మీద ఉండాలి. టేబుల్ దగ్గర చేయాల్సింది దాన్ని తూచా తప్పకుండా పాటించడమే.

చాలామంది పెద్ద పందేన్ని మాత్రమే చూసి రిస్క్ అంచనా వేస్తారు. కౌంట్ బాగోనప్పుడు పెట్టే చిన్న పందేలూ అదే డబ్బులోంచి పోతాయన్న సంగతి లెక్కలోకి తీసుకోరు. రెండూ కలిపి చూస్తే రిస్క్ ఎంత మారిపోతుందో 6వ భాగంలో అంకెలతో చూపిస్తాను. ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే అది చదవండి.

బేసిక్ స్ట్రాటజీ (ప్రతి హ్యాండ్‌నూ లెక్క ప్రకారం ఆడాల్సిన తీరు), హై-లో కౌంట్ (బయటపడే ప్రతి ముక్కకూ ఒక అంకె ఇచ్చి కలుపుకుంటూ పోవడం) తడబడకుండా వచ్చనుకొని మొదలుపెడుతున్నాను. 2 నుంచి 6 దాకా +1, 7, 8, 9 ముక్కలకు సున్నా, పదులు, బొమ్మలు, ఆసులకు −1. ఇది ఇంకా ఆలోచించుకొని చెప్పాల్సి వస్తుంటే పందెం లెక్కకు ఇంకా సమయం రాలేదు.

లెక్కలన్నీ యూనిట్లలో ఉంటాయి. ఒక యూనిట్ అంటే మీరు ఆడే టేబుల్లో కనీస పందెం.

## 1. ముందు ఆట సంగతి తేల్చుకోండి

ఆటే చెడ్డదైతే పందెం ఎంత తెలివిగా కాసినా లాభం లేదు. కూర్చునే ముందు ఇవి చూడండి.

- బ్లాక్‌జాక్‌కు (మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క పడితే) 3కి 2, అంటే 2 పందేనికి 3 ఇస్తున్నారా? 6కి 5 ఇచ్చే టేబుల్లో క్యాసినోకు అదనంగా దాదాపు 1.4 శాతం చేరుతుంది. అది కౌంటింగ్‌తో పూడ్చుకోగలిగిన గొయ్యి కాదు.
- డీలర్ సాఫ్ట్ 17 (ఆసును 11గా లెక్కిస్తే వచ్చే 17) మీద ఆగుతాడా, ముక్క తీస్తాడా? తీస్తే మీకు సుమారు 0.2 శాతం నష్టం.
- కట్ కార్డ్ (ఎక్కడిదాకా పంచి మళ్లీ కలపాలో చూపే ముక్క) ఎక్కడ పెడుతున్నారు? ఆరు డెక్కుల షూలో (ముక్కలు పంచే పెట్టెలో) కనీసం నాలుగున్నర డెక్కులు పంచాలి. మూడు డెక్కులకే షఫుల్ చేసే టేబుల్‌ను వదిలేయండి.
- ఆగకుండా ముక్కలు కలిపే షఫ్లింగ్ మెషీన్ ఉందా? ఉంటే కౌంటింగ్ పనిచేయదు. ప్రతి హ్యాండ్‌కూ కొత్తగా ముక్కలు కలిపే ఆన్‌లైన్ ఆటలదీ అదే పరిస్థితి.

చట్టం సంగతి కూడా తెలుసుకొని వెళ్లండి. అమెరికాలోని నెవాడాలో బుర్రతో లెక్కపెట్టుకోవడం నేరం కాదు కానీ, ఆడొద్దని చెప్పే హక్కు క్యాసినోకు ఉంది. ఫోన్ గానీ మరే పరికరం గానీ వాడి కౌంట్ చేయడం మాత్రం అక్కడ నేరం. మీరు ఆడబోయే చోట అసలు జూదానికే అనుమతి ఉందో లేదో చూసుకోండి.

## 2. బ్యాంక్‌రోల్‌లోకి ఏ డబ్బు వస్తుంది?

పూర్తిగా పోయినా ఇంటి ఖర్చులు, అప్పులు, పిల్లల ఫీజులు ఏవీ ఆగిపోకూడదు. అలాంటి డబ్బే బ్యాంక్‌రోల్. దాన్ని వేరే ఖాతాలో పెట్టండి. అప్పు తెచ్చిన డబ్బు, క్రెడిట్ కార్డు పరిమితి, "అవసరమైతే తీసుకోవచ్చు" అనుకునే పొదుపు ఇందులోకి రావు.

ప్రతినెలా జీతంలోంచి కొంత కచ్చితంగా కలుపుతారనుకుందాం. అప్పుడు కాస్త ఎక్కువ రిస్క్ తీసుకోవచ్చు, ఎందుకంటే పోయినా మళ్లీ నిండుతుంది. అలా కలిపే వీలు లేనివాళ్లు, ఆట మీదే బతకాలనుకునేవాళ్లు కిందికి వచ్చేకొద్దీ కనిపించే రిస్క్ అంకెల్లో అతి చిన్నవాటినే ఎంచుకోవాలి. ఆట డబ్బులోంచి ఇంటి ఖర్చు తీస్తే బ్యాంక్‌రోల్ రెండు వైపుల నుంచీ తరుగుతుంది.

## 3. గుర్తుంచుకోవాల్సిన రెండు అంకెలు

మొదటిది ఎడ్జ్, అంటే పెట్టిన ప్రతి పందెం మీద సగటున మీకు మిగిలేది లేదా పోయేది. మంచి రూల్స్ ఉన్న ఆరు డెక్కుల ఆటలో బేసిక్ స్ట్రాటజీతో ఆడితే క్యాసినో దాదాపు 0.5 శాతం ముందుంటుంది. ట్రూ కౌంట్ (దీన్ని తీసే తీరు 4వ భాగంలో ఉంది) ఒకటి పెరిగినప్పుడల్లా సుమారు 0.5 శాతం మీ వైపు జరుగుతుంది. అంటే +1 దగ్గర సరిసమానం, +2 దగ్గర మీకు 0.5 శాతం, +3 దగ్గర 1 శాతం, అలా.

రెండోది వేరియన్స్, అంటే ఆట ఎంత ఊగిసలాడుతుందో చెప్పే కొలత. బ్లాక్‌జాక్‌లో ఒక యూనిట్ పందేనికి ఇది 1.3 చుట్టుపక్కల ఉంటుంది. డబుల్స్ (మధ్యలో పందెం రెట్టింపు చేయడం), స్ప్లిట్స్ (జతను విడదీసి రెండు హ్యాండ్లుగా ఆడడం), బ్లాక్‌జాక్ చెల్లింపుల వల్ల 1 దాటుతుంది. నేను 1.32 తీసుకుంటున్నాను.

పందెం రెట్టింపు చేస్తే వచ్చే లాభం రెట్టింపవుతుంది, వేరియన్స్ మాత్రం నాలుగింతలవుతుంది. పెద్ద పందేలు బ్యాంక్‌రోల్‌ను ఊహించినదానికంటే వేగంగా ఊడ్చేయడానికి కారణం ఇదే.

## 4. ట్రూ కౌంట్ సరిగ్గా తీయడం

రన్నింగ్ కౌంట్‌ను (ముక్కల అంకెలు కలుపుకుంటూ వచ్చిన మొత్తాన్ని) షూలో మిగిలిన డెక్కులతో భాగిస్తే ట్రూ కౌంట్ వస్తుంది. మిగిలిన డెక్కులు తెలియడానికి డిస్కార్డ్ ట్రే (వాడేసిన ముక్కలు పెట్టే చోటు) చూడాలి.

ఒక్క హ్యాండ్ దగ్గరగా చూద్దాం. ఆరు డెక్కుల షూ. రన్నింగ్ కౌంట్ +9. ట్రేలో ముక్కలు రెండున్నర డెక్కుల ఎత్తున ఉన్నాయి. మిగిలినవి మూడున్నర. 9ని 3.5తో భాగిస్తే 2.57. దశాంశాన్ని వదిలేయాలి, ట్రూ కౌంట్ +2. "ఇంచుమించు 3 కదా" అని పైకి తోస్తే, 5వ భాగంలో వేసుకునే పట్టిక ప్రకారం 2 యూనిట్లు పెట్టాల్సిన చోట 4 పెడతారు. షూకి ఒకట్రెండుసార్లు ఇలా జరిగితే కాగితం మీద వేసిన రిస్క్ లెక్కకూ అసలు ఆటకూ సంబంధం ఉండదు.

అదే +9 రన్నింగ్ కౌంట్, షూలో ఒకటిన్నర డెక్ మాత్రమే మిగిలినప్పుడు వస్తే ట్రూ కౌంట్ +6. రన్నింగ్ కౌంట్ చూసి పందెం పెంచేవాళ్లు షూ మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ కాస్తారు. జరగాల్సింది దీనికి తలకిందులు.

సాధన ఇలా చేయండి:

- ఆరు డెక్కులు తెచ్చుకోండి. అర డెక్ తేడాతో దొంతులు పేర్చి, చూడగానే ఎత్తు చెప్పగలగాలి.
- ఎవరినైనా దొంతి మార్చి పెట్టమనండి. చెప్పాక ముక్కలు లెక్కించి సరిచూసుకోండి.
- అర డెక్ మించి పొరపాటు రాని దాకా పెద్ద పందేల జోలికి పోకండి.

## 5. పందెం మెట్లు కట్టుకోవడం

కెల్లీ సూత్రం ఇక్కడ ఆధారం. బ్యాంక్‌రోల్‌ను ఎడ్జ్‌తో గుణించి, వేరియన్స్‌తో భాగించాలి. వచ్చిన అంకెను పూర్తి కెల్లీ పందెం అంటారు.

1000 యూనిట్ల బ్యాంక్‌రోల్, 1 శాతం ఎడ్జ్ ఉందనుకోండి. 1000 × 0.01 ÷ 1.32 = 7.6 యూనిట్లు.

దీర్ఘకాలంలో డబ్బు అన్నిటికంటే వేగంగా పెరిగేది పూర్తి కెల్లీతోనే. కానీ దాన్ని అలాగే వాడమని నేను ఎవరికీ చెప్పను. ప్రతి పందేన్నీ బ్యాంక్‌రోల్‌ను బట్టి మార్చుకుంటూ పోయినా, ఎప్పుడో ఒకప్పుడు డబ్బు సగానికి పడిపోయే అవకాశం 50 శాతం. సగం కెల్లీ పెడితే పెరుగుదలలో ముప్పావు వంతు దక్కుతుంది, సగానికి పడే అవకాశం మాత్రం 12.5 శాతానికి తగ్గుతుంది. పావు కెల్లీతో అది 1 శాతం లోపే. రెండింతల కెల్లీ పెడితే ఎడ్జ్ ఉండి కూడా పెరుగుదల సున్నా. అంతకు మించితే, గెలిచే ఆట ఆడుతూనే డబ్బు కరిగిపోతుంది.

మీ ఎడ్జ్ మీరు అనుకున్నదానికంటే తక్కువే ఉంటుందనుకోవడం మంచిది. కౌంట్‌లో పొరపాట్లు, అలసట, ఆటలో తప్పులు అన్నీ దాన్ని కొరుకుతాయి. అందుకే మొదలుపెట్టేవారికి సగం కెల్లీయే గరిష్ఠం.

1000 యూనిట్లకు సగం కెల్లీ మెట్లు ఇలా వస్తాయి:

- +1, అంతకు తక్కువ: 1 యూనిట్
- +2 (ఎడ్జ్ 0.5 శాతం): లెక్క ప్రకారం 1.9, పెట్టేది 2
- +3 (1 శాతం): 3.8, పెట్టేది 4
- +4 (1.5 శాతం): 5.7, పెట్టేది 6
- +5, ఆపైన (2 శాతం): 7.6, పెట్టేది 8

అంకెలు సులువుగా గుర్తుండేలా కొద్దిగా పైకి సర్దాను. +5 దాటాక ఇంకా పెంచలేదు. అలాంటి కౌంట్లు అరుదు, వాటి కోసం ఇంకో మెట్టు కడితే వేరియన్స్ బాగా పెరుగుతుంది. పైగా క్యాసినో సిబ్బంది కళ్లూ ముందు అక్కడే పడతాయి.

## 6. దివాలా రిస్క్ లెక్క

ఇక్కడ తొందరపడకండి. పెన్ను తీసుకొని కూర్చోండి.

ముందు, 100 హ్యాండ్లలో ఏ కౌంట్ ఎన్నిసార్లు వస్తుందో కావాలి. లెక్క చూపించడానికి నేను కొన్ని నమూనా అంకెలు తీసుకుంటున్నాను. మీ టేబుల్ రూల్స్‌కు సరిపడే అంకెలు సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌తో తీసుకోవాలి.

- −1, అంతకు తక్కువ: 31 హ్యాండ్లు, సగటు ఎడ్జ్ −1.2 శాతం
- 0: 42 హ్యాండ్లు, −0.5 శాతం
- +1: 12 హ్యాండ్లు, సున్నా
- +2: 7 హ్యాండ్లు
- +3: 4 హ్యాండ్లు
- +4: 2 హ్యాండ్లు
- +5, ఆపైన: 2 హ్యాండ్లు

మొదటి మెట్టు: సగటు లాభం. ప్రతి వరుసలో హ్యాండ్లు × పందెం × ఎడ్జ్. ఉదాహరణకు +3 దగ్గర 4 × 4 × 0.01 = 0.16 యూనిట్. ఇలా +2 నుంచి పైవన్నీ కలిపితే 0.73 యూనిట్ లాభం. సున్నా కౌంట్ దగ్గర 0.21, మైనస్ కౌంట్ల దగ్గర 0.37 నష్టం. మిగిలేది 100 హ్యాండ్లకు 0.15 యూనిట్.

రెండో మెట్టు: వేరియన్స్. హ్యాండ్లు × పందెం × పందెం × 1.32. +3 దగ్గర 4 × 4 × 4 × 1.32 = 84.5. అన్ని వరుసలూ కలిపితే దాదాపు 498.

మూడో మెట్టు: రక్షణ అంకె. ఇది నేను పెట్టుకున్న పేరే. లాభాన్ని 2తో, బ్యాంక్‌రోల్‌తో గుణించి వేరియన్స్‌తో భాగించాలి. వచ్చిన అంకెను బట్టి, పందేలు ఎప్పటికీ మార్చకుండా ఆడితే మొత్తం పోయే అవకాశం ఇదీ:

- 0.5 వస్తే 61 శాతం
- 1 వస్తే 37 శాతం
- 2 వస్తే 13.5 శాతం
- 3 వస్తే 5 శాతం
- 4 వస్తే 1.8 శాతం
- 5 వస్తే 0.7 శాతం

మన లెక్కలో 2 × 0.15 × 1000 ÷ 498 = 0.6. అంటే దివాలా అవకాశం సుమారు 55 శాతం!

మెట్లన్నీ సగం కెల్లీతో జాగ్రత్తగా కట్టినవే. అయినా సగానికి పైగా అవకాశంతో డబ్బంతా పోతుంది. కారణం పెద్ద పందేల్లో లేదు, −1 దగ్గర, ఇంకా కింద కూర్చొని పెట్టే ఆ ఒక్కో యూనిట్‌లో ఉంది. గెలిచిన 0.73లో సగం అక్కడే కారిపోతోంది.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. ట్రూ కౌంట్ −1కి పడగానే లేచి వేరే టేబుల్‌కు వెళ్లిపోతారు. మెట్లు అవే, బ్యాంక్‌రోల్ అదే. లాభం 0.52 అయింది, వేరియన్స్ 457కి తగ్గింది. రక్షణ అంకె 2.28. దివాలా అవకాశం 10 శాతం.

ఇంకో అడుగు వేసి, వెనక నిలబడి కౌంట్ చూస్తూ +2 వచ్చాకే కూర్చుంటే? లాభం 0.73, వేరియన్స్ 385, రక్షణ అంకె 3.8. దివాలా అవకాశం 2.3 శాతం. షూ మధ్యలో కూర్చోనివ్వని టేబుళ్లు చాలానే ఉంటాయి కాబట్టి ఇది అన్నిచోట్లా కుదరదు. టేబుల్ మార్చడం మాత్రం ఎక్కువచోట్ల కుదురుతుంది.

అన్ని హ్యాండ్లూ ఆడక తప్పదంటే? అప్పుడు మెట్లు నిటారుగా కట్టాలి. +2కి 4, +3కి 8, +4 నుంచి 12 పెట్టారనుకోండి. లాభం 0.72కి పెరుగుతుంది కానీ వేరియన్స్ 1358 అవుతుంది. 1000 యూనిట్లకు రిస్క్ 35 శాతం. దాన్ని 5 శాతానికి దించాలంటే దాదాపు 2,800 యూనిట్లు కావాలి. అదే మెట్లతో −1 దగ్గర లేచిపోతే 1,800 యూనిట్లు చాలు.

"నా బ్యాంక్‌రోల్‌కు ఎన్ని యూనిట్లు సరిపోతాయి?" అన్న ప్రశ్నకు ఒకే అంకె జవాబుగా రాదు. మీరు ఏ కౌంట్లో ఆడుతున్నారు, ఏ కౌంట్లో లేస్తున్నారు అన్నది తెలియకుండా ఎవరు అంకె చెప్పినా నమ్మకండి.

నా సలహా: ఆట డబ్బు మళ్లీ నింపుకోగలిగిన వాళ్లకు 10 శాతం దాకా పరవాలేదు. నింపుకోలేని వాళ్లు 1, 2 శాతం దాటొద్దు.

లెక్క పూర్తయ్యాక ఇంకొక్కటి చేయండి. లాభాన్ని సగం చేసి మళ్లీ వేయండి. 10 శాతం కాస్తా 32 శాతం అవుతుంది. మీ ఎడ్జ్ అంచనా తప్పితే ఏం జరుగుతుందో ఆ అంకె చెబుతుంది. దాన్ని చూసి గుండె జారితే మెట్లు దించండి.

## 7. ఎంత కాలం ఓడిపోతూ ఉండొచ్చు?

−1 దగ్గర లేచిపోయే పద్ధతినే తీసుకుందాం. గంటకు 70 హ్యాండ్లు చూస్తారనుకుంటే 100 గంటలకు 7,000. సగటు లాభం 36 యూనిట్లు. ఊగిసలాట మాత్రం అటూ ఇటూ 179 యూనిట్లు.

అంటే 100 గంటలు తప్పు లేకుండా ఆడినా నష్టంలో ఉండే అవకాశం 42 శాతం. ఈ అంకెను ముందే ఒంటబట్టించుకుంటే, ఓడిన వారంలో పద్ధతి మార్చేయాలన్న తొందర, టెన్షన్ రెండూ తగ్గుతాయి. గెలిచిన వారంలో నాకంతా వచ్చేసిందన్న ధీమా కూడా రాదు.

## 8. ఒక ట్రిప్‌కు ఎంత తీసుకెళ్లాలి?

బ్యాంక్‌రోల్ మొత్తం వెంట మోసుకెళ్లక్కర్లేదు. ఆ ట్రిప్‌లో ఎన్ని హ్యాండ్లో అంచనా వేయండి. వేరియన్స్‌కు వర్గమూలం తీస్తే 100 హ్యాండ్ల ఊగిసలాట వస్తుంది. మన ఉదాహరణలో 457కి అది 21.4. 2,000 హ్యాండ్ల ట్రిప్ అంటే 20 వందలు, 20కి వర్గమూలం 4.47. గుణిస్తే 96 యూనిట్లు.

దానికి రెండింతలు, అంటే 190 యూనిట్లు తీసుకెళ్తే మధ్యలో చేతులు ఖాళీ అయ్యే అవకాశం దాదాపు 4 శాతం.

టేబుల్ ముందు కూర్చునేటప్పుడు మరో లెక్క ఉంది. 8 యూనిట్ల పందెంలో జత పడి, నాలుగు హ్యాండ్లుగా స్ప్లిట్ చేసి, నాలుగింటినీ డబుల్ చేయాల్సి వస్తే 64 యూనిట్లు కావాలి. చేతిలో అంత లేక డబుల్ వదులుకుంటే, ఎడ్జ్ దొరికే చోటే దాన్ని జారవిడిచినట్టు. పర్సులో 64 లేనప్పుడు 8 యూనిట్ల పందెం కాయకండి.

## 9. రెండు హ్యాండ్లు ఆడితే

డీలర్ ముక్క రెండింటికీ ఒకటే కాబట్టి రెండూ కలిసి గెలవడం, కలిసి ఓడడం ఎక్కువ. అందుకని ఒక్కో హ్యాండ్‌కు అసలు పందెంలో సుమారు 73 శాతం పెట్టాలి. 8 బదులు రెండు చోట్ల 6 చొప్పున. అదే స్థాయి రిస్క్‌కు టేబుల్ మీద ఎక్కువ డబ్బు పనిచేస్తుంది. రెండు చోట్లా 8 పెడితే మెట్లు తప్పినట్టే.

## 10. పందేలు ఎప్పుడు మార్చాలి?

ప్రతి హ్యాండ్‌కూ బ్యాంక్‌రోల్ లెక్కించి పందెం మార్చడం ఆచరణలో జరగదు. ముందే గీతలు గీసి పెట్టుకోండి.

- బ్యాంక్‌రోల్ నాలుగో వంతు పడితే: మెట్లన్నీ నాలుగో వంతు దించండి.
- సగానికి పడితే: యూనిట్ సగం చేయండి.
- ఒకటిన్నర రెట్లు అయితే: అప్పుడు పెంచడం గురించి ఆలోచించండి. ట్రిప్ మధ్యలో మాత్రం పెంచకండి, ఇంటికొచ్చాక లెక్క వేసి పెంచండి.

దించడం వల్ల ఎంత మేలో చూడండి. 10 శాతం రిస్క్ ఉన్న మన పద్ధతిలో డబ్బు సగానికి పడే అవకాశం 32 శాతం. అక్కడ పందేలన్నీ సగం చేస్తే మొత్తం పోయే అవకాశం 10 నుంచి దాదాపు 3 శాతానికి తగ్గుతుంది.

దీనికో చిక్కుంది. యూనిట్ సగం చేయాలంటే కనీస పందెం సగమే ఉన్న టేబుల్ దొరకాలి. మీరు ఇప్పటికే అన్నిటికంటే చిన్న టేబుల్లో ఆడుతుంటే కిందికి దిగే మెట్టు లేదు. పెద్ద పందేల్ని మాత్రం తగ్గించి, కనీస పందెం అలాగే ఉంచితే 6వ భాగంలో చూసిన 55 శాతం వైపు వెళ్తారు. అలాంటప్పుడు ఆడడం ఆపి, డబ్బు జమయ్యాక రండి.

## 11. టేబుల్ దగ్గర జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

ఓడాక పెంచడం. కౌంట్ సున్నా దగ్గరుంటే, వరుసగా ఆరు హ్యాండ్లు పోయినా తర్వాతి పందెం ఒక యూనిటే. చెయ్యి చిప్స్ వైపు వెళ్లేముందు మనసులో ట్రూ కౌంట్ అంకె పలకడం అలవాటు చేసుకోండి. అంకె రాకపోతే పందెం ఒక యూనిట్.

గెలిచాక వెనక్కి తీయకపోవడం. కౌంట్ పడిపోయినా, గెలిచిన ఊపులో 8 యూనిట్లు అలాగే ఉంచేస్తారు. సున్నా కౌంట్‌లో 8 పెట్టడమంటే నష్టమొచ్చే పందేన్ని ఎనిమిదింతలు చేయడం.

పెద్ద పందెంలో తప్పు ఆట. 8 యూనిట్లు పెట్టి, పందెంలో పదో వంతు విలువ పోయే తప్పు ఒక్కటి చేస్తే 0.8 యూనిట్ పోయింది. 100 హ్యాండ్ల లాభం 0.52 అని గుర్తుంది కదా. అలసట అనిపించగానే లేవమని చెప్పేది అందుకే.

టిప్స్. గంటకు 70 హ్యాండ్ల లెక్కన మన లాభం 0.36 యూనిట్. గంటకు ఒక యూనిట్ టిప్ ఇస్తే ఆ గంటంతా నష్టానికి ఆడినట్టు. డీలర్లకు టిప్ ఇవ్వడం మర్యాదే, కాదనను. ఎంత ఇస్తారో ముందే అనుకొని, దాన్ని లాభంలోంచి తీసేసి రిస్క్ లెక్క వేయండి.

ఇన్సూరెన్స్ (డీలర్‌కు ఆసు కనిపించినప్పుడు, అతనికి బ్లాక్‌జాక్ ఉందని కాసే పక్క పందెం). హై-లోలో ట్రూ కౌంట్ +3, ఆపైన ఉంటేనే తీసుకోండి. మీ హ్యాండ్ మంచిదా చెడ్డదా అన్నది చూడక్కర్లేదు.

అనుమానం రాకూడదని తప్పు పందేలు కాయడం. మైనస్ కౌంట్‌లో కావాలని పెద్ద పందెం పెట్టి నటించడం చిన్న బ్యాంక్‌రోల్‌కు పెనుభారం. అంతకంటే ఒకే చోట ఎక్కువసేపు కూర్చోకుండా, గంటలోపే లేచి వెళ్లిపోవడం చవక.

కౌంట్ తప్పిపోవడం. ఎక్కడ తప్పిందో ఊహించకండి. షఫుల్ దాకా ఒక యూనిట్ పెట్టండి, లేదా లేచిపోండి.

## 12. కూర్చునే ముందు చెక్‌లిస్ట్

- 3కి 2 చెల్లింపు, కట్ కార్డ్ లోతు చూశాను
- ఈ రోజు బ్యాంక్‌రోల్ ఎంతో తెలుసు, మెట్లు దాని ప్రకారమే ఉన్నాయి
- ఏ కౌంట్ దగ్గర లేవాలో నిర్ణయించుకున్నాను
- గరిష్ఠ పందేనికి ఎనిమిదింతలు చేతిలో ఉంది
- టేబుల్ గరిష్ఠ పరిమితి నా పెద్ద పందేనికి అడ్డు రాదు
- నిద్ర సరిపోయింది, మందు తాగలేదు
- పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న కసితో రాలేదు

చివరి దానికి నిజాయితీగా టిక్ పెట్టలేకపోతే ఆ రోజు ఆడకండి. ఆ కసి రోజూ ఉంటుంటే కొన్నాళ్లు ఆట పూర్తిగా మానేసి, ఇంట్లో వాళ్లతో మాట్లాడండి.

## 13. రికార్డులో ఏం రాయాలి?

తేదీ, గంటలు, టేబుల్ కనీస పందెం, గెలుపోటములు, ఆట ముగిశాక బ్యాంక్‌రోల్. వీటితోపాటు ఎన్నిసార్లు మెట్లు తప్పారో తప్పకుండా రాయండి. లాభనష్టాల అంకె వందల గంటల దాకా ఏమీ చెప్పదు. తప్పిన మెట్ల అంకె మాత్రం మొదటి రోజునుంచే చెబుతుంది. అది సున్నాకు దగ్గరయ్యే దాకా యూనిట్ పెంచకండి, బ్యాంక్‌రోల్ ఎంత పెరిగినా సరే.